రెండు గీతల మధ్య: సెల్లార్ గోడ పొరల్ని ప్లాన్‌లో చూపించడం

ప్లాన్‌లో గోడ అంటే రెండు గీతలు. ఫస్టియర్‌లో మినీ డ్రాఫ్టర్ పట్టిన రోజు నుంచి మన చేతికి అలవాటైపోయిన సంగతి ఇది. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే 230 మి.మీ. ఎడంతో రెండు సమాంతర రేఖలు, మధ్యలో ఏటవాలు హ్యాచ్, పని ఐపోయింది. నేల మీద లేచే గోడకి ఇది చాలా వరకు సరిపోతుంది. గోడకి అటూ గాలే, ఇటూ గాలే. పూత 12 మి.మీ. వేశారా 15 వేశారా అన్నది ప్లాన్ చూసేవాళ్ళకి పెద్దగా పట్టదు.

నేల కిందకి దిగగానే కథ మారుతుంది. అక్కడ గోడకి ఒక పక్క గాలి, ఇంకో పక్క మట్టి. వానాకాలంలో ఆ మట్టిలో నీళ్ళు. మూడు మీటర్ల లోతున నిలిచిన నీరు చదరపు మీటరుకి దాదాపు 30 కిలోన్యూటన్ల ఒత్తిడి పెడుతుంది. మామూలు భాషలో చెప్పాలంటే చదరపు మీటరుకి మూడు టన్నులు. దాన్ని ఆపడానికి ఒక కాంక్రీట్ గోడ మాత్రమే చాలదు కాబట్టి దాని బయట ఇంకొన్ని పొరలు వస్తాయి. ఆ పొరల్ని ప్లాన్‌లో ఎలా చూపించాలి, ఎంత వరకు చూపించాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఈ వ్యాసం. మన సిలబస్‌లో రిటైనింగ్ వాల్ డిజైన్ ఉంది, బిల్డింగ్ డ్రాయింగ్ ఉంది. ఈ రెండూ కలిసే చోటు మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు.

ముందుగా ఒక మాట గురించి. మన దగ్గర సైట్‌లో "బేస్‌మెంట్ అయిపోయిందా?" అని అడిగితే దాని అర్థం భూగర్భ అంతస్తు అని కాదు. పునాది మీద నేలమట్టం దాకా, అంటే ప్లింత్ దాకా, కట్టు లేచిందా అని. ఇందిరమ్మ ఇళ్ళ బిల్లుల్లో కూడా "బేస్‌మెంట్ లెవెల్" అంటే అదే దశ. భూమి లోపలి అంతస్తుని మనవాళ్ళు సెల్లార్ అంటారు. పుస్తకంలో చదివి డ్రాయింగ్ మీద "బేస్‌మెంట్ వాల్" అని రాశారనుకోండి, ఇంజనీరు ఒకటి అనుకుంటాడు, మేస్త్రి ఇంకోటి అనుకుంటాడు. అందుకని ఈ వ్యాసంలో సెల్లార్ గోడ అనే అంటున్నాను. ఇంకో చిక్కు కూడా ఉంది. ఆటోక్యాడ్‌లోనూ లేయర్ ఉంది, గోడలోనూ లేయర్ ఉంది. కలిసిపోకుండా గోడలో ఉన్నదాన్ని "పొర" అనీ, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నదాన్ని "లేయర్" అనీ పిలుచుకుందాం.

ఒక గోడని విప్పి చూస్తే

మాటలతో కాకుండా ఒక గోడ పట్టుకుందాం. 30 మీటర్ల వెడల్పున్న స్థలంలో ఒక అపార్ట్‌మెంట్, కింద పార్కింగ్‌కి ఒక సెల్లార్, లోతు 3 మీటర్లు. వాటర్‌ప్రూఫింగ్‌కి మన ప్రాంతంలో ఎన్నాళ్ళ నుంచో వాడుకలో ఉన్న బాక్స్ పద్ధతి తీసుకుందాం. సెల్లార్‌ని మొత్తంగా ఒక రాతి పెట్టెలో కూర్చోబెట్టినట్టు అడుగునా, చుట్టూ షాబాద్ బండలో తాండూరు బండలో అమర్చి, వాటి వెనక సందుల్లో వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపిన సిమెంట్ పాలు పోస్తారు. షాబాద్ కలబురగి జిల్లాలో ఉంది, తాండూరు మన వికారాబాద్ జిల్లాలో. ఇంట్లో కాళ్ళ కింద చూసే ఆ బండే నేల కింద నీళ్ళకి అడ్డు నిలబడుతుంది.

మట్టి వైపు నుంచి లోపలికి వస్తే ముందు నింపిన మట్టి. తర్వాత బండ మీద బయటి పూత 20 మి.మీ. ఆ వెనక బండ 25. బండకీ కాంక్రీట్‌కీ మధ్య సిమెంట్ పాలతో నిండిన సందు 20. తర్వాత ఆర్‌సీసీ గోడ 250 అనుకుందాం. చివరికి లోపలి పూత 12. మొత్తం కూడితే 327 మి.మీ. వస్తుంది.

ఇక్కడ "ఆర్‌సీసీ" అని ఒక్క ముక్కలో తేల్చేసిన దాని లోపల కూడా రెండు వరసల స్టీలు, కవర్ ఉన్నాయి. ఐఎస్ 456 ప్రకారం మామూలు మట్టిలో ఉండే కాంక్రీట్‌ని "మోడరేట్" వాతావరణం కింద లెక్కేస్తారు, దానికి కనీస కవర్ 30 మి.మీ. అయితే అది స్ట్రక్చరల్ డ్రాయింగ్ పని. ఆర్కిటెక్చరల్ ప్లాన్‌లో ఊచలు గీయడం మొదలుపెడితే ఎవరికీ ఏమీ కనపడదు.

బండల బదులు తారు షీటు వాడే పద్ధతి ఇప్పుడు ఎక్కువైంది. ఏపీపీ మెంబ్రేన్ అంటారే, మంటతో కాల్చి అతికించేది, అది. మందం 3 లేదా 4 మి.మీ. దాని మీద మట్టి గీరుకోకుండా ఒక రక్షణ బోర్డు వేస్తారు. పొరల పేర్లు మారినా వరస వెనకున్న తర్కం మారదు: నీళ్ళని ఆపే పొర నీళ్ళు వచ్చే వైపే ఉండాలి. బయట ఉంటే నీటి ఒత్తిడే దాన్ని గోడకి అదిమి పెడుతుంది. లోపల అతికిస్తే అదే ఒత్తిడి దాన్ని గోడ నుంచి ఊడబీకుతుంది. కాబట్టి పొరల వరస తారుమారైన డ్రాయింగ్ అందంగా లేకపోవడమే కాదు, నీళ్ళు కారే గోడకి అది ముందే రాసిపెట్టిన చీటీ.

స్కేలు ఏది చూపిస్తుంది, ఏది దాస్తుంది

పొరలన్నీ తెలిశాయి కదా అని అన్నింటినీ ప్లాన్‌లో గీసేయాలనిపిస్తుంది. ఆటోక్యాడ్‌లో ఆఫ్‌సెట్ కొడితే క్షణంలో వచ్చేస్తాయి కూడా. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే మహా ముచ్చటగా ఉంటుంది. ప్రింట్ తీశాక అక్కడ ఒక నల్లటి పట్టీ తప్ప ఏమీ ఉండదు.

దీనికి ఒక చిన్న లెక్క ఉంది. సమాంతర గీతల మధ్య ఖాళీ కాగితం మీద 0.7 మి.మీ. కంటే తగ్గకూడదన్నది డ్రాయింగ్ ప్రమాణాల సిఫారసు. అంతకన్నా తగ్గితే ప్రింట్‌లో, జిరాక్స్‌లో గీతలు అతుక్కుపోతాయి. ఇప్పుడు ఈ 0.7ని స్కేలుతో గుణించండి. 1:100లో అది 70 మి.మీ. అంటే 70 కన్నా పలచనైన ఏ పొరనీ 1:100 ప్లాన్‌లో రెండు గీతలతో చూపించలేం. 1:50లో హద్దు 35 మి.మీ. 1:20లో 14. 1:10లో 7. 1:5లో 3.5.

మన గోడని ఈ జల్లెడలో వేద్దాం. 1:100లో ఆర్‌సీసీ 2.5 మి.మీ. వెడల్పుతో హాయిగా కనపడుతుంది. బయటి మూడు పొరలూ కలిపి 65 మి.మీ. కాగితం మీద 0.65, హద్దుకి కాస్త లోపలే ఆగిపోయింది. కాబట్టి 1:100లో మొత్తం గోడకి ఒక బయటి గీత, ఒక లోపలి గీత, అంతే. మున్సిపల్ అనుమతి ప్లాన్ ఈ స్కేల్లో ఉంటుంది, అక్కడ అదే సరి. 1:50లో 65 కాస్తా 1.3 మి.మీ. అవుతుంది. వాటర్‌ప్రూఫింగ్ అంతా కలిపి ఒక పట్టీగా చూపించొచ్చు, కానీ అందులోని 20, 25, 20లని విడదీయలేం. 1:20లో ఆ మూడూ విడివడతాయి, లోపలి 12 మి.మీ. పూత మాత్రం ఇంకా దొరకదు. 1:10లో అదీ దొరుకుతుంది. తారు షీటైతే 4 మి.మీ. పొర కాబట్టి 1:5 దాకా వెళ్తే గానీ దానికి రెండు గీతల మందం రాదు. అందాకా అది ఒకే గీత.

అంటే ప్లాన్ స్పష్టంగా ఉండాలంటే అన్నీ చూపించడం మానేయాలి. 1:50 వర్కింగ్ ప్లాన్‌లో ఆర్‌సీసీ, దాని బయట వాటర్‌ప్రూఫింగ్ పట్టీ, ఈ రెండే. మిగతావి ఒక గుర్తుకి అప్పజెప్పాలి. గోడ పక్కన చిన్న వృత్తంలో "గో-1" అని వేసి, షీటు పక్కన ఇలా రాస్తే చాలు:

గో-1 (మట్టి వైపు నుంచి లోపలికి): బయటి పూత 20, షాబాద్ బండ 25, సిమెంట్ పాలు 20, ఆర్‌సీసీ 250, లోపలి పూత 12. మొత్తం 327.

బ్రాకెట్‌లో ఉన్న ఆ నాలుగు మాటలు ఎప్పుడూ వదలొద్దు. ఉత్తరపు గోడకి బయట అంటే కాగితం మీద పైన, దక్షిణపు గోడకి బయట అంటే కింద. వరస ఎటు నుంచి మొదలైందో చెప్పకపోతే చదివేవాళ్ళు ఊహించుకోవాల్సి వస్తుంది. "పాజిటివ్ సైడ్, నెగటివ్ సైడ్" అన్న పుస్తకం మాటలకన్నా "మట్టి వైపు, లోపలి వైపు" అన్నవే నయం. మేస్త్రికి చదివి వినిపిస్తే వెంటనే తలకెక్కుతాయి.

ఏ గీతకి ఎంత బరువు

పెన్నుల మందాలు 0.13, 0.18, 0.25, 0.35, 0.5, 0.7 ఇలా నడుస్తాయి. ఒక్కోటి ముందుదానికి సుమారు 1.4 రెట్లు. పక్కపక్క రెండు పెన్నుల తేడా కంటికి సరిగ్గా ఆనదు, ఒకటి వదిలి ఒకటి తీసుకుంటే తెలుస్తుంది. 1:50లో నేనైతే ఆర్‌సీసీ అంచుకి 0.5, వాటర్‌ప్రూఫింగ్ పట్టీ బయటి గీతకి 0.25, హ్యాచ్‌కి 0.13 పెడతాను. కోసిన కాంక్రీట్ కంటికి ముందు తగలాలి, దాని మీద కప్పిన పొర తర్వాత తగలాలి. అన్నీ ఒకే మందం పెడితే కన్ను ఎక్కడా నిలవదు.

తారు షీటుకి మందమైన గీత గీతగా, అంటే డ్యాష్‌లుగా, చూపించే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉంది. బాగుంటుంది కానీ ఒక ప్రమాదం. ప్లాన్‌లో డ్యాష్ గీతకి ఇంకో అర్థం ఇప్పటికే ఉంది: కింద దాగి ఉన్నది, లేదా పైన వేలాడుతున్నది. గోడ బయట రాఫ్ట్ అంచు కూడా డ్యాష్ గీతే. రెండూ ఒకే షీటులో పక్కపక్కన ఉంటే మందంలో తేడా బాగా కనపడాలి, షీటులో గుర్తుల పట్టికా ఉండాలి.

హ్యాచ్ సంగతి. ఆటోక్యాడ్‌లో కాంక్రీట్‌కి వాడే చుక్కలు, త్రికోణాల నమూనా 1:10 డీటెయిల్‌లో అందంగా ఉంటుంది. 1:50లో రెండున్నర, ఐదు మిల్లీమీటర్ల పట్టీలో నింపితే ఇసుక పోసినట్టుంటుంది. అక్కడ లేత బూడిద రంగు నింపడం మేలు. మట్టి హ్యాచ్‌ని స్థలమంతా పరిచేసే వాళ్ళున్నారు. దయచేసి వద్దు. గోడ వెంట మూడు నాలుగు చోట్ల చిన్న ముక్కగా వేస్తే "ఇటు మట్టి ఉంది" అన్న కబురు అందిపోతుంది.

ప్లాన్ ఒక్కటే చెప్పగల విషయాలు

పొరలు కదా, సెక్షన్‌లో చూపిస్తే పోలా అని మీరు అడగొచ్చు. పొరల మందాలకి సెక్షనే తగిన చోటు, ఒప్పుకుంటాను. రాఫ్ట్ మీద గోడ మొదలయ్యే జాయింట్, అందులో వాటర్ స్టాప్ పట్టీ, మూలలో గుండ్రంగా దిద్దిన మసాలా, పైన పొర ఎక్కడ ఆగాలి, ఇవన్నీ సెక్షన్‌వే. కానీ సెక్షన్ ఒక్క చోట కోసి చూపిస్తుంది. నీళ్ళు మనం కోసిన చోటే రావు.

పొర చుట్టూ తిరిగిందా లేదా అన్నది ప్లాన్‌లోనే తేలుతుంది. మెలికల ముగ్గు చూశారుగా, చుక్కల చుట్టూ తిరిగి తిరిగి గీత మొదలైన చోటికే వచ్చి కలవాలి. సెల్లార్ ప్లాన్ తీసుకుని వాటర్‌ప్రూఫింగ్ గీత మీద పెన్సిల్ పెట్టి, ఎత్తకుండా చుట్టూ లాగండి. మొదలుపెట్టిన చోటికి చేరారా? చేరకపోతే ఎక్కడ ఆగిందో అక్కడే సెల్లార్ కారుతుంది.

సాధారణంగా అది ఆగే చోట్లు నాలుగైదు. ర్యాంపు దగ్గర గోడ ఖాళీ ఉంటుంది కాబట్టి డ్రాయింగ్‌లో గీత అక్కడ తెగిపోతుంది. నిజానికి అది తెగకూడదు, ర్యాంపు పక్క గోడల వెంట పైకి వెళ్ళాలి. ర్యాంపు కూడా మట్టిలో దిగిన తొట్టే కదా. లిఫ్ట్ పిట్ సెల్లార్ నేల కన్నా ఇంకా కిందకి దిగుతుంది, ప్లాన్‌లో అది డ్యాష్ గీతల చతురస్రం. దాని చుట్టూ పొర ఉందో లేదో అక్కడే ఒక గుర్తు వేసి చెప్పాలి. సంప్ గోడా సెల్లార్ గోడా ఒకటే అయితే ఒక పక్క మట్టి నీళ్ళు, ఇంకో పక్క నిల్వ నీళ్ళు, కాబట్టి అక్కడ గో-1 చెల్లదు, గో-2 కావాలి. కరెంటు కేబుల్, డ్రైనేజీ గొట్టం గోడని తొలిచే చోట్లు కూడా ప్లాన్‌లో పడాలి. ఇవి ఎలక్ట్రికల్, ప్లంబింగ్ షీట్లలో ఉంటాయని వదిలేస్తే, వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్ళు ఆ షీట్లు చూడరు. పొర మొత్తం అయ్యాక ఎవరో డ్రిల్ పట్టుకుని వస్తారు.

నిలువు కన్‌స్ట్రక్షన్ జాయింట్లు కూడా అంతే. 30 మీటర్ల గోడ ఒకే రోజు పోయరు. ఎక్కడ ఆపి ఎక్కడ మొదలుపెట్టారో ఆ నిలువు గీత ప్లాన్‌లో ఒక చిన్న అడ్డగీతగా కనపడుతుంది. అక్కడ వాటర్ స్టాప్ ఉందని గుర్తు వేయడానికి ప్లాన్ కన్నా మంచి చోటు లేదు.

కాలమ్‌ల విషయంలో పొరలు ఏకంగా డిజైన్‌నే మార్చేస్తాయి. గోడ 250, దానిలో వచ్చే కాలమ్ 600 అనుకోండి. మిగిలిన 350 ఎటు పొడుచుకు రావాలి? బయటికి వస్తే ఒక్కో కాలమ్ దగ్గర వాటర్‌ప్రూఫింగ్ నాలుగు మూలలు తిరగాలి, రెండు లోపలికి, రెండు బయటికి. గోడ వెంట ఆరు కాలమ్‌లుంటే ఇరవై నాలుగు మూలలు. ప్రతి మూలా ఒక బలహీనమైన చోటే. అందుకే బయటి ముఖాలన్నీ ఒకే గీతలో ఉంచి కాలమ్‌ని లోపలికి తోస్తారు. అప్పుడు పార్కింగ్ ఇరుకవుతుంది. ఈ బేరం పొరని గీసినవాళ్ళకే కనపడుతుంది. రెండు గీతల గోడ గీసినవాళ్ళకి అసలు బేరం ఉందనే తెలియదు.

ప్లాన్ అంటే నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తున అడ్డంగా కోసిన సెక్షనే అన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. చాలా రిటైనింగ్ గోడలు కింద మందంగా, పైన పలచగా ఉంటాయి. అడుగున 300, మూడు మీటర్ల పైన 200, మట్టి వైపు ఏటవాలు అనుకుందాం. 1.2 మీటర్ల దగ్గర కోస్తే మందం 260. ప్లాన్‌లో 260 అని డైమెన్షన్ వేస్తే అది అబద్ధం కాదు, కానీ సైట్‌లో ఎవరికీ పనికిరాని నిజం. 300 నుంచి 200 అని రాయాలి, నిటారుగా ఉన్న లోపలి ముఖం నుంచే కొలతలన్నీ ఇవ్వాలి, అడుగు అంచుని సన్నటి డ్యాష్ గీతతో చూపించాలి.

ఏ ముఖం నుంచి కొలత

ఇక అసలు తగాదా ఇక్కడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం వెయ్యి చదరపు మీటర్ల లోపు స్థలంలో సెల్లార్ హద్దు నుంచి కనీసం 1.5 మీటర్లు లోపలికి ఉండాలి. తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ నిబంధనలు మారుతూ వచ్చాయి, కాబట్టి ప్రాజెక్టు చేసేటప్పుడు ఇప్పటి రూలు చూసుకోండి. లెక్క కోసం 1.5 తీసుకుందాం. 30 మీటర్ల వెడల్పులో రెండు పక్కలా 1.5 తీసేస్తే 27 మీటర్లు. ఈ 27 ఎక్కడి నుంచి ఎక్కడికి? కాంక్రీట్ బయటి ముఖం దాకానా, బండ మీద పూత దాకానా? నేను పూత దాకా అనే తీసుకుంటాను, అలా తీసుకుంటే ఏ కొలత టేపు వచ్చినా భయం లేదు.

రెండు పక్కలా 327 చొప్పున తీస్తే లోపల మిగిలేది 26.346 మీటర్లు. ఇప్పుడు ఈ వెడల్పులో పది కార్లు పక్కపక్కన పెట్టాలి, ఒక్కోదానికి 2.5 మీటర్లు, మధ్యలో 450 మి.మీ. కాలమ్‌లు మూడు. 25 మీటర్లు, 1.35 కలిపితే 26.35. నాలుగు మిల్లీమీటర్లు తక్కువ! ఇదే ప్లాన్‌ని అలవాటు కొద్దీ 230 గోడతో రెండు గీతలుగా గీశారనుకోండి. 27 లోంచి 0.46 తీస్తే 26.54. ఇంకా 190 మిగిలిందే అనిపిస్తుంది. ఆ ధైర్యంతో పది పార్కింగ్‌లు చూపించి పది ఫ్లాట్లకి రాసిచ్చేస్తే, పదో ఫ్లాటాయన రోజూ అద్దాలు మడిచి, ఊపిరి బిగబట్టి కారు దిగాలి. అదీ సెంట్రింగ్ ఒక్క సెంటీమీటరు కూడా ఉబ్బలేదనుకుంటే.

బయటి వైపు లెక్క ఇంతకన్నా కటువు. రాఫ్ట్ గోడ కన్నా 500 మి.మీ. బయటికి వచ్చి, దాని కింద పీసీసీ ఇంకో 100 వస్తే, హద్దుకి మిగిలేది సుమారు 900. ఆ 900లో నిలబడి మనిషి బండలు అమర్చాలి, సిమెంట్ పాలు పోయాలి, పూత పూయాలి. మట్టి జారిపోయే చోట గుంత నిలువుగా తవ్వలేరు, పక్కవాళ్ళ ప్రహరీ పునాది కూడా ఆ పక్కనే ఉంటుంది. అంటే ప్లాన్‌లో గోడ బయట ఉన్న ఆ ఖాళీ ఖాళీ కాదు, అది పనివాడు నిలబడే చోటు. దాన్ని కూడా డ్యాష్ గీతతో తవ్వకం హద్దుగా చూపించడం మంచి అలవాటు.

నిలబడే చోటు లేకపోతే? అప్పుడు పొరల వరసే తిరగబడుతుంది. తవ్విన ముఖాన్ని ముందు నిలబెట్టి, దానికి ఆనుకుని ఒక 115 మి.మీ. ఇటుక గోడ కట్టి, దాని లోపలి ముఖం మీద తారు షీటు అతికించి, ఆ తర్వాత దానికి ఆనించి ఆర్‌సీసీ పోస్తారు. మొదటి పద్ధతిలో కాంక్రీట్ ముందు, పొర తర్వాత. ఇందులో పొర ముందు, కాంక్రీట్ తర్వాత. ప్లాన్‌లో రెండూ దాదాపు ఒకేలా కనపడతాయి: మట్టి, ఏదో పట్టీ, ఒక నల్ల గీత, కాంక్రీట్. కానీ పని క్రమం పూర్తిగా వేరు, మందమూ వేరు. 65 బదులు 119 పోతుంది. అదే స్థలంలో మూడు పక్కలా గో-1, పక్కింటికి దగ్గరగా ఉన్న నాలుగో పక్క గో-3 రావడం మామూలే. రెండు రకాలు కలిసే మూల దగ్గర పొర ఎలా దాటుతుందో 1:10లో ప్లాన్ డీటెయిల్ వేయాలి. సెక్షన్ ఎన్ని వేసినా ఆ మూల కనపడదు.

రెవిట్ వాడేవాళ్ళకి ఇదంతా కాస్త తేలిక, కాస్త మోసం కూడా. వాల్ టైప్‌లో పొరలన్నీ మందాలతో ఇచ్చేయొచ్చు. మెంబ్రేన్ అన్న రకం పొరకి మందం సున్నా పెట్టాల్సిందే, సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. మన 4 మి.మీ. ఎలాగూ కనపడదు కాబట్టి నష్టం లేదు. గోడ గీసే ముందు లొకేషన్ లైన్ అన్న చోట ఏముందో చూడండి. అక్కడ గోడ మధ్య రేఖ ఉంటే, తర్వాత మీరు ఒక పొర మందం మార్చినప్పుడు గోడ రెండు వైపులా కదులుతుంది, కాంక్రీట్ ముఖం కూడా జరిగిపోతుంది. కోర్ ముఖం ఎంచుకుంటే కాంక్రీట్ కదలదు, పొరలు మాత్రం పెరుగుతాయి తరుగుతాయి. వ్యూలో డీటెయిల్ లెవెల్ కోర్స్‌లో ఉంటే పొరలు మాయం, మీడియంలో, ఫైన్‌లో ప్రత్యక్షం. 1:100 షీటుకి కోర్స్, 1:50కి మీడియం పెట్టి ప్రింట్ తీసి చూడండి, పైన వేసుకున్న 0.7 లెక్క కళ్ళ ముందు కనపడుతుంది. 1:50లో మీడియం కూడా 20, 25, 20 గీతల్ని గుచ్చేస్తుంది. అప్పుడు ఆ మూడింటినీ ఒకే 65 మి.మీ. పొరగా పెట్టుకుని, విడి వివరాలు గుర్తుకి వదిలేయడమే దారి.

ఆటోక్యాడ్‌లో ఐతే ఆర్‌సీసీకి ఒక లేయర్, వాటర్‌ప్రూఫింగ్‌కి ఒకటి, పూతలకి ఒకటి, దాగిన అంచులకి ఒకటి. 1:100 షీటు తీసేటప్పుడు పూతల లేయర్ ఆపేస్తే సరి. వాటర్‌ప్రూఫింగ్ గీతని మాత్రం ముక్కలు ముక్కలుగా కాక ఒకే పాలీలైన్‌గా గీయండి. అది మూసుకుందా లేదా అన్నది ప్రాపర్టీస్‌లో "క్లోజ్డ్" అన్న చోట కనపడుతుంది. పెన్సిల్ పరీక్షని కంప్యూటర్ చేత చేయించినట్టు.

కింది అంతస్తుదే కాదు, గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్ కూడా పక్కన పెట్టుకోండి. సెల్లార్ సాధారణంగా పై భవనం కన్నా వెడల్పుగా ఉంటుంది. గ్రౌండ్ ఫ్లోర్ ప్లాన్‌లో సెల్లార్ గోడ బయటి హద్దుని డ్యాష్ గీతతో వేస్తే, ఎక్కడ చెట్టు నాటకూడదో, ఎక్కడ ఇంకుడు గుంత తవ్వకూడదో అర్థమవుతుంది. ఇంకుడు గుంతని సెల్లార్ గోడ పక్కనే పెట్టిన ప్లాన్లు ఉంటాయి. గోడ బయటి పొర ఇవతల ఆపుతున్న నీళ్ళని మనమే తెచ్చి దాని వీపు మీద పోస్తున్నట్టు. హైదరాబాద్‌లో రాతి నేల మీద ఇది ఇంకా ఇబ్బంది. రాతిని తొలిచిన గుంతలో గోడ కట్టి పక్కన వదులు మట్టి నింపితే, ఆ సందు బావిలా నిండి నీళ్ళు పోవడానికి దారి ఉండదు. విజయవాడ లాంటి చోట కృష్ణ ఒడ్డున భూగర్భ జలమే పైన ఉంటుంది, అక్కడ బాధ వేరు. రెండు ఊళ్ళకీ ఒకే గో-1 కాపీ కొట్టలేం.

2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఎన్నో సెల్లార్లు మునిగాయి. ర్యాంపు మీదుగా వరద లోపలికి దొర్లి వస్తే గోడ పొరలు ఎంత బాగున్నా చేయగలిగింది ఏమీ లేదు. ర్యాంపు మొదట్లో రోడ్డు కన్నా కాస్త ఎత్తైన దిమ్మ, దాని లోపలి వైపు అడ్డంగా ఒక జాలీ కాలువ, సెల్లార్‌లో ఒక పంపు గుంత. ఈ మూడింటినీ అదే సెల్లార్ ప్లాన్‌లో లెవెల్స్‌తో సహా చూపించాలి. వాటర్‌ప్రూఫింగ్ గీత ర్యాంపు గోడల వెంట పైకి వెళ్ళి ఆ దిమ్మ దగ్గర ముగుస్తుంది. అక్కడ ఆ గీత చివర ఒక లెవెల్ అంకె రాయండి, రోడ్డు లెవెల్ పక్కనే.